పాత కోత మిల్లు ట్రాలీ: ఎంతవరకు మరమ్మతు, ఎక్కడ మార్పు

కోత మిల్లులో అందరి చూపూ రంపం మీదే ఉంటుంది. బ్లేడు మొద్దుబారితే ఆ పూటే తెలిసిపోతుంది. విప్పి, పదును పెట్టి, మళ్లీ ఎక్కిస్తారు. దుంగను మోసుకుంటూ పట్టాల మీద రంపానికి ఎదురు వెళ్లే ట్రాలీ సంగతి వేరు. అది ఒక్క రోజులో పాడవదు. పదేళ్లో ఇరవయ్యేళ్లో కొద్దికొద్దిగా అరుగుతుంది. అరిగినకొద్దీ దాన్ని నడిపే మిస్త్రీ తన చేతిని సర్దుకుంటూ పోతాడు. ఎక్కడ కాస్త నొక్కి పట్టాలో, ఎక్కడ తోపు తగ్గించాలో ఆయనకు అలవాటైపోతుంది. అందువల్ల లోపం పెరుగుతున్నా పైకి కనబడదు. పలకలు ఒక చివర లావుగా, ఒక చివర పలచగా వస్తున్నాయని వడ్రంగులు వెనక్కి పంపినప్పుడో, ఇరుసు విరిగి పని ఆగినప్పుడో యజమాని ముందుకు ప్రశ్న వస్తుంది. అరిగిన భాగాలను బాగు చేయించాలా, వాటి చోట కొత్తవి వేయించాలా, లేక ట్రాలీనే తీసేసి మరొకటి దించాలా?

దీనికి రెండు వైపులా గట్టిగా వాదించేవాళ్లున్నారు. పాతకాలపు బీడు ఇనుము, పాతకాలపు ఉక్కు ఇప్పుడు దొరకవు కాబట్టి ఎంత ఖర్చయినా బాగు చేయించుకోవడమే మేలని కొందరంటారు. అరిగిన యంత్రానికి పెట్టే ప్రతి రూపాయీ వృథాయేనని, ఆ డబ్బు కూడబెడితే కొత్తది వచ్చి ఉండేదని ఇంకొందరంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అయితే ఇద్దరూ ట్రాలీని ఒకే వస్తువుగా చూస్తారు. దాని భాగాలన్నీ ఒకే తీరున అరగవు, అరిగినప్పుడు ఒకే రకం నష్టం చేయవు. నిర్ణయం తేలాల్సింది అక్కడేనని నాకనిపిస్తుంది.

మన ప్రాంతంలో ఇన్ని పాత ట్రాలీలు ఇంకా నడుస్తుండటానికి పొదుపు ఒక్కటే కారణం కాదు. ఏజెన్సీ అడవుల టేకు తెప్పలుగా గోదావరి మీద దిగివచ్చిన కాలంలో రాజమహేంద్రవరంలో కలప అడితులు, వాటిని అంటుకుని కోత మిల్లులు పెరిగాయి. తర్వాత నిబంధనలు బిగిశాయి. అడవుల నరికివేతపై నడిచిన గోదావర్మన్ తిరుముల్‌పాడ్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు, కేంద్రం అనుమతి లేకుండా అడవుల్లో నడుస్తున్న కోత మిల్లులను ఆపించింది. 2002 అక్టోబరులో అదే కోర్టు, తాను నియమించిన కేంద్ర సాధికార కమిటీ ముందస్తు అనుమతి లేనిదే ఏ రాష్ట్రమూ కొత్త కోత మిల్లు తెరవనివ్వరాదంది. 2016లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చి ఆ పరిశీలనను రాష్ట్ర స్థాయి కమిటీలకు అప్పగించింది. అడవిని కాపాడటానికి వచ్చిన ఈ కట్టడి అవసరమైనదే, దాన్ని తప్పుపట్టలేం. కానీ దాని వల్ల ఎవరూ అనుకోని ఫలితం ఒకటి వచ్చింది. లైసెన్సున్న పాత మిల్లే ఆస్తి అయింది, లోపలి యంత్రం రెండో స్థానానికి పోయింది. పెద్ద యంత్రం దించితే కోత సామర్థ్యం పెంచినట్టు లెక్కవేసి అభ్యంతరం చెబుతారేమోనన్న శంకతో, ఉన్నదాన్నే అతుకులు వేసుకుంటూ నెట్టుకొచ్చినవాళ్లున్నారు. ఆ శంక నిజమా కాదా అన్నది అటవీ శాఖ కార్యాలయంలో కాగితం చూపించి ముందే తేల్చుకోదగిన విషయం. అనుమానంతోనే ఇరవయ్యేళ్లు గడపడం ఎవరికీ లాభం కాదు.

ఇక ట్రాలీ దగ్గరికి వద్దాం. నిలువు బ్యాండ్ సా ముందు రెండు పట్టాలుంటాయి. చాలా పాత నిర్మాణాల్లో ఒక పట్టా తల కోణంగా ఉంటుంది. దాని మీద గాడి చక్రాలు నడుస్తాయి. రెండోది చదునుగా ఉంటుంది. దాని మీద నున్నటి చక్రాలు. దారి చూపేది మొదటి పట్టా, బరువు పంచుకునేది రెండోది. రెండూ గాడి పట్టాలే అయితే వాటి మధ్య దూరం కాస్త మారినా చక్రాలు బిగుసుకుపోతాయి కాబట్టి ఈ ఏర్పాటు. చట్రం మీద దుంగ ఆనుకునే దిమ్మెలు, దుంగను వెనక నుంచి రంపం వైపు జరిపే నిలువు మోకాళ్లు, పట్టి ఉంచే కొక్కేలు ఉంటాయి. ఒక పలక కోయగానే మీట తిప్పితే షాఫ్టు, దాని చివర పళ్ల చక్రం, ఆ చక్రం కింద పళ్ల పట్టీ కదిలి, మోకాళ్లు కావలసినంత ముందుకు జరుగుతాయి. పలక మందం ఇక్కడే తేలుతుంది.

బాగు చేయించడానికి అనుకూలంగా మొదట చెప్పుకోవలసింది చట్రం గురించి. పాత చట్రాలను అవసరానికి మించి బరువుగా కట్టేవారు. ట్రాలీకి బరువు దోషం కాదు. దుంగ బ్లేడుకు తగిలినప్పుడు వచ్చే అదురును ఆ బరువే మింగుతుంది. దశాబ్దాల ఎండకూ వానకూ తట్టుకుని నిలిచిన బీడు దిమ్మె లోపలి బిగువులు కొంతవరకైనా సడలి ఉంటాయి. ఇక కొత్తగా వంకర తిరగడం అరుదు. అటువంటి చట్రాన్ని తుక్కు ధరకు తూచి అమ్మి, పలచటి రేకు గొట్టాలతో వెల్డింగు చేసిన కొత్త ట్రాలీ కొన్న చోట అదురు పెరిగిందని వినడం అరుదేమీ కాదు. పైగా మరమ్మతు పని ఊళ్లోనే జరుగుతుంది. లేతు వర్క్‌షాపులో బుష్షు తీసేవాడు, ఫిట్టరు, వెల్డరు, వీళ్లందరికీ ఆ యంత్రం తెలుసు. అర్ధరాత్రి ఆగినా కబురు పెడితే వచ్చేవాళ్లు.

అయినా మరమ్మతు పేరుతో జరిగేదంతా మరమ్మతు కాదు. చీలిన బీడు దిమ్మెకు మామూలు రాడ్డుతో వెల్డింగు పెట్టి, చల్లటి నీళ్లు చల్లి, గంటలో పనిలో పెట్టేయడం చాలాచోట్ల చూస్తాం. బీడులో కర్బనం ఎక్కువ. ఒక్కచోటే వేడెక్కించి త్వరగా చల్లారనిస్తే అతుకు పక్కనే గాజులా పెళుసైన పొర ఏర్పడి, అతుకు నిలిచినా దాని పక్కన మళ్లీ చీలుతుంది. సరిగా చేయాలంటే భాగమంతటినీ ముందే వేడి చేయాలి, నికెల్ రాడ్డు వాడాలి, పని అయ్యాక బూడిదలోనో సున్నంలోనో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. లేదంటే బీడు కరగనంత తక్కువ వేడిలో ఇత్తడి కడ్డీతో అతకాలి. రెండింటికీ ఓపిక, అనుభవం కావాలి, రెండూ ఖరీదే. ఇంత శ్రద్ధ పెట్టే మనిషి దొరకకపోతే, చవక వెల్డింగు కంటే కొత్త భాగం పోయించుకోవడమే నయం.

పోయించుకోవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. ఫౌండ్రీకి పాత భాగాన్నే నమూనాగా ఇస్తే, పోసిన బీడు చల్లారేటప్పుడు అడుగుకు సుమారు ఎనిమిదో వంతు అంగుళం కుంచించుకుపోతుంది. వచ్చిన భాగం పాతదాని కంటే చిన్నదిగా ఉంటుంది. అంతకంటే చిక్కు ఏమిటంటే, పాతదానిలోని అరుగుదల కూడా అచ్చంగా కొత్తదానిలోకి దిగుతుంది. నమూనాను ముందు మైనంతోనో చెక్కతోనో పూడ్చి అసలు కొలతకు తెచ్చి, కుంచింపుకూ మిషనింగుకూ కొంత అదనం వదిలితేనే పని కుదురుతుంది. ఇది తెలిసిన పాటర్ను మేకర్లు తగ్గిపోతున్నారు. ఆ పని తెలిసినవాడు ఊళ్లో ఉన్నంతకాలం పోయించుకోదగిన భాగాలను ఆలస్యం చేయకుండా పోయించుకోవడం ఒక రకంగా భవిష్యత్తు కోసం చేసే ఖర్చు.

కొత్త భాగాలే వేయాలనేవారి వాదానికి బలం బేరింగుల దగ్గర ఎక్కువ. పాత ట్రాలీల ఇరుసులు చాలావరకు వైట్ మెటల్ పోసిన దిమ్మెల్లో తిరిగేవి. తగరం, సీసం, ఆంటిమొని కలిసిన ఈ మెత్తటి లోహం తాను అరిగి ఇరుసును కాపాడుతుంది. అరిగినప్పుడు కరిగించి మళ్లీ పోయవచ్చు. గొప్ప సౌకర్యమే. కానీ రోజూ నూనె చూడాలి, పోసేటప్పుడు దిమ్మెలో చెమ్మ ఏ మాత్రం ఉన్నా కరిగిన లోహం ఎగిరి మీద పడుతుంది, సీసపు పొగ మంచిది కాదు. బాల్ బేరింగైతే ఆటోనగర్‌లో ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, ట్రాలీ తేలిగ్గా జరుగుతుంది. తోసేవాళ్లు మనుషులే అయిన మిల్లుల్లో ఇది చిన్న లాభం కాదు. సాయంత్రానికి వాళ్ల భుజాల మీద తేడా తెలుస్తుంది.

దీనికీ రెండో వైపు ఉంది. వైట్ మెటల్ దిమ్మె చెడేటప్పుడు ముందుగా వేడెక్కి, శబ్దం చేసి, హెచ్చరిస్తుంది. రంపపు పొట్టు దూరిన బాల్ బేరింగు నిన్నటిదాకా బాగానే ఉండి ఇవాళ బిగుసుకుపోవచ్చు. అందుకే సీలు ఉన్న రకమే వేయాలి, వేసినా మూత కట్టాలి. ఇంకో విషయం. కొత్త బేరింగు పట్టేలా పాత దిమ్మెను తొలిస్తే మళ్లీ వెనక్కి పోలేం. దిమ్మెను అలాగే ఉంచి పక్కన బోల్టులతో బిగించే బేరింగు గూడు పెట్టుకునే వీలుంటే, ఫలితం నచ్చకపోయినా పాత స్థితికి రావచ్చు. వెనక్కి తీసుకోగల మార్పు, తీసుకోలేని మార్పు అన్న తేడాను నేను ఖర్చు కంటే ముందు చూస్తాను. తొలిచిన ఇనుమును తిరిగి నింపడానికి తొలవడానికైనదానికి ఎన్నో రెట్లవుతుంది.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది మాత్రం ఒంటి భాగాన్ని మార్చడం వల్ల. నాలుగు చక్రాల్లో బాగా అరిగినది ఒకటే కదా అని దాన్ని మార్చితే, కొత్తది కాస్త పెద్దదవుతుంది. ట్రాలీ మూడు చక్రాల మీద నిలబడి నాలుగోది తేలుతుంది, దుంగ బరువు మారినప్పుడల్లా ఒరుగుతుంది. నాలుగూ మార్చి పట్టాను వదిలేస్తే, పాత చక్రాలు ఏళ్ల తరబడి అరగదీసిన పట్టా తల మీద కొత్త గాడి సరిగా కూర్చోదు. అంచుల మీద నడిచి త్వరగా చెడుతుంది. మంచిదని బాగా గట్టిపరచిన ఉక్కు చక్రాలు వేస్తే అవి మెత్తటి పాత పట్టాను తినేస్తాయి. పట్టా మార్చడం కంటే చక్రం మార్చడం సులువు కాబట్టి, రెంటిలో చక్రమే కాస్త మెత్తగా ఉండటం మంచిదని అనుభవం ఉన్న ఫిట్టర్లు చెబుతారు. అయితే మరీ మెత్తనైతే నాలుగూ సమానంగా అరగవు. ఎక్కడ ఆగాలో పుస్తకంలో దొరికే అంకె కాదు. ఆ మిల్లులో రోజుకు ఎన్ని దుంగలు, ఎంత బరువువి ఎక్కుతాయన్న దాన్ని బట్టి ఉంటుంది.

పళ్ల చక్రం, పళ్ల పట్టీల సంగతి ఇంకా నేర్పుగా చూడాలి. చక్రానికి పళ్లు తక్కువ, ఒక్కో పన్ను పట్టీ మీది పళ్ల కంటే ఎక్కువసార్లు పనిచేస్తుంది, కాబట్టి ముందు అరిగేది అదే. దాన్ని మాత్రం మారిస్తే చవకగా పోతుందనిపిస్తుంది. కానీ పట్టీ పొడుగునా ఒకేలా అరిగి ఉండదు. ఎక్కువగా కోసే దుంగల లావు ఎక్కడ పడుతుందో అక్కడే పళ్లు సన్నబడి ఉంటాయి. చివర్లలో దాదాపు కొత్తగా ఉంటాయి. అరిగిన చోట లూజు పోయేలా కొత్త చక్రాన్ని దగ్గరికి జరిపితే చివర్లలో బిగుసుకుంటుంది. చివర్లలో తేలిగ్గా తిరిగేలా పెడితే మధ్యలో లూజు మిగిలిపోతుంది. మీట ఎంత జాగ్రత్తగా తిప్పినా పలక మందం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. బోల్టు రంధ్రాలు అనుమతిస్తే పట్టీని తిరగేసి, అరగని చివరను పని జరిగే చోటికి తేవడం ఖర్చులేని ఉపాయం. అది కుదరకపోతే రెండూ కలిపి మార్చడమే దారి. దుంగ రెండు చివరలా ఉన్న మోకాళ్లకు వేర్వేరు పట్టీలు కాబట్టి, ఒకవైపు జత కొత్తది, రెండోవైపు జత పాతది అయితే రెండూ సమానంగా జరగవు. పలక వాలుగా వస్తుంది.

ఇవన్నీ తేల్చుకోవాలంటే యంత్రాన్ని విప్పే ముందు పలకను చదవాలి. ఇది చాలామంది దాటవేసే మెట్టు. పదును పెట్టిన బ్లేడుతో ఒకే దుంగ నుంచి వరుసగా ఏడెనిమిది పలకలు కోసి, క్రమం తప్పకుండా అంకెలు వేసి, ఒక్కోదాన్ని రెండు చివర్లా, మధ్యలో వెర్నియర్‌తో కొలవాలి. ప్రతి పలకా ఒకే చివర లావుగా వస్తే మోకాళ్లు సమానంగా జరగడం లేదు. ఒక్కో పలక ఒక్కో మందంలో వస్తూ, పలక పొడుగునా మాత్రం తేడా లేకపోతే లోపం మీట, పళ్ల పట్టీల లూజులో ఉంది. మందం సరిగానే ఉన్నా అన్ని పలకలూ ఒకే చోట ఒకే వైపు వంగితే పట్టా మీద అనుమానం రావాలి. పట్టా వంకర అయితే ప్రతి కోతా అదే వంకను అనుసరిస్తుంది, రెండు ముఖాలూ కలిసే వంగుతాయి, కొలిస్తే మందం మాత్రం మారదు. ముఖం మీద సమాన దూరాల్లో అల కనిపిస్తే ఆ దూరాన్ని కొలవండి. పది అంగుళాల వ్యాసమున్న చక్రం ఒక చుట్టుకు సుమారు 31 అంగుళాలు నడుస్తుంది. అల కూడా అంతే దూరంలో పడుతుంటే గుండ్రం పోయిన చక్రమో, వంగిన ఇరుసో అయి ఉంటుంది. ముడి ఉన్న చోట, తోపు ఎక్కువైన చోట మాత్రమే కోత తప్పితే అది ట్రాలీది కాదు, బ్లేడుది. బిగువు, పదును చూసుకోవాలి. ఒక జాగ్రత్త: జామాయిల్ లాంటి కలపలో లోపలి బిగువు ఎక్కువ, కోయగానే పలక తనంతట తాను వంగుతుంది. ఒక్క దుంగను చూసి పట్టా మీద నేరం మోపకూడదు. టేకుదో మామిడిదో ఇంకో దుంగ కోసి చూడాలి.

గోదావరి తీరంలో ఒక మిల్లులో ఈ పరీక్ష జరుగుతుండగా చూశాను. పట్టాలు మార్చడానికి సరుకు కూడా బేరమాడుకున్నారు. పలకలు కొలిస్తే వంపు ఎక్కడా లేదు. ఒక చివర మాత్రం ప్రతి పలకా రెండు మిల్లీమీటర్లు పలచన. షాఫ్టు మీద ఒక పళ్ల చక్రాన్ని పట్టి ఉంచే చీల అరిగి, ఆ వైపు మోకాలు ప్రతిసారీ అంత వెనకపడుతోంది. కొత్త చీల, దాని గాడిని సరిచేయడం ఒక పూట పని. పట్టాలు అప్పటికి అలాగే ఉండిపోయాయి. ప్రతి మిల్లుకూ ఇలా చవకగా తేలుతుందని అనను. కొలత తర్వాత అనుకున్నదానికంటే పెద్ద ఖర్చు బయటపడే సందర్భాలే ఎక్కువ కావచ్చు.

లూజును భరించడం వల్ల అయ్యే నష్టం కూడా చిన్నది కాదు, కాకపోతే అది ఖాతా పుస్తకంలో కనిపించదు. 25 మిల్లీమీటర్ల పలక ఇవ్వాల్సి ఉన్నప్పుడు, బాగున్న ట్రాలీ మీద ఎండితే తగ్గేదానికీ చిత్రికకూ కలిపి కాస్త అదనంగా కోస్తే చాలు. మందం ఎటు తప్పుతుందో నమ్మకం లేనప్పుడు మిస్త్రీ ఇంకో రెండు మిల్లీమీటర్లు కలుపుతాడు. పదిహేను పలకలకు అది 30 మిల్లీమీటర్లు. అంటే దుంగకు ఒక పలక పైచిలుకు చిత్రిక పొట్టుగా పోయినట్టే. ఘనపుటడుగు వేల రూపాయలు పలికే టేకులో ఈ నష్టం కొన్ని నెలల్లోనే కొత్త పట్టీల ఖర్చును మించుతుంది. పెట్టెల చెక్క కోసే మిల్లులో, అక్కడి మామిడి, నిద్రగన్నేరు కలప ధరకు, అదే నష్టం ఏళ్లు పట్టినా మించకపోవచ్చు. కాబట్టి పక్క మిల్లువాడు మార్చాడని మనమూ మార్చడం లెక్క కాదు. ఏ కలప కోస్తున్నాం, ఎవరికి కోస్తున్నాం అన్నదే లెక్క.

కలప కూడా మారింది. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి ముడి దుంగల ఎగుమతి ఆపేసింది. లావాటి దుంగలు ఇప్పుడు మునుపటిలా రావు. పొలం గట్ల టేకు, మలబారు వేప, జామాయిల్ వంటి తోటల కలప, సన్నటి దుంగలు ఎక్కువయ్యాయి. నలుగురు మనుషులు కదిలించలేని మాను కోసం కట్టిన ట్రాలీ మీద అడుగు లావు కూడా లేని దుంగ పెడితే, దిమ్మెల మధ్య దూరం ఎక్కువై దుంగ మధ్యలో అదురుతుంది. పాత కొక్కెం నోరు దాన్ని సరిగా పట్టదు. ఇలాంటి చోట అరిగిన భాగాన్ని అచ్చం పాత కొలతకే తేవడం శ్రద్ధగా చేసిన పనే అయినా, అవసరం దాటిపోయిన పని అవుతుంది. కొత్త ట్రాలీ కావాలనేవారి మాట ఇక్కడ నిజంగా బలంగా ఉంది. అయినా మొత్తం మార్చనక్కర్లేదేమో కూడా చూడాలి: పాత చట్రం మీదే మధ్యలో ఇంకో దిమ్మె, చిన్న నోరున్న కొక్కేలు బిగించుకునే వీలు చాలా ట్రాలీలకు ఉంటుంది.

హైడ్రాలిక్‌తో నడిచే కొత్త ట్రాలీ గురించి ఒక మాట. అది దుంగను తానే తిప్పుతుంది, పట్టుకుంటుంది, మీట బదులు బటన్‌తో మందం పెడుతుంది. మనిషి బ్లేడుకు దూరంగా నిలబడతాడు. ప్రాణానికి సంబంధించిన ఈ లాభాన్ని డబ్బుతో తూచడం కష్టం. అయితే దానికి కొత్త పునాది కావాలి, నిలకడైన త్రీఫేజ్ కరెంటు కావాలి, నూనె గొట్టాలూ వాల్వులూ తెలిసిన మనిషి కావాలి. సెన్సారు చెడితే దూరపు ఊరి నుంచి మనిషి వచ్చేదాకా పని ఆగుతుంది. ట్రాలీ తోసే ముగ్గురు నలుగురి పని పోతుంది; వాళ్లలో చాలామందికి ఆ వయసులో వేరే పని దొరకడం తేలిక కాదు. ఈ రెండు వైపులా మనుషులే ఉన్నారు కాబట్టి, యంత్రం మంచిదా చెడ్డదా అని అడిగి ఊరుకుంటే చాలదు. తోసేవాళ్లకు లోడింగు, గ్రేడింగు, బ్లేడు పదును పెట్టడం వంటి పనులు ముందే నేర్పి, తర్వాత యంత్రం దించిన మిల్లులు ఉంటే వాటి నిర్ణయాన్ని నేను మెచ్చుకుంటాను. ముందు యంత్రం దించి తర్వాత ఆలోచిద్దామనుకునే చోట, ఆ ఆలోచన సాధారణంగా జరగదు.

పాతదాన్ని పాతదిగా కాపాడాలనే వాదం కూడా ఒకటుంది. అండమాన్‌లోని చాథం కోత మిల్లు 1883లో మొదలైంది. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) పక్కనే అది ఉంది. ఇప్పుడక్కడ ఒక మ్యూజియం కూడా ఉంది. చూడ్డానికి జనం వెళ్తారు. అలాంటి చోట ప్రతి అసలు భాగానికీ విలువ ఉంటుంది, ఉండాలి కూడా. మన ఊళ్లో రోజూ పని జరిగే మిల్లులో మాత్రం ఆ గౌరవం పనివాడి చేతి కంటే ముందు రాకూడదు. మార్చిన పాత భాగాన్ని తుక్కులో వేయకుండా, కొలతలు రాసి ఒక మూల పెట్టుకుంటే చాలు. రేపు నమూనాకు పనికొస్తుంది.

మరమ్మతు పూర్తయ్యాక ఎవరూ చెప్పని ఇబ్బంది ఒకటి వస్తుంది. ఏళ్లుగా లోపానికి తగ్గట్టు చేతిని మలచుకున్న మిస్త్రీ, బాగుపడిన ట్రాలీ మీద కూడా అదే అలవాటుతో నొక్కుతాడు. మొదటి రోజుల్లో కోత మునుపటి కంటే చెడిపోవచ్చు. అప్పుడే యజమానికి కోపం వస్తుంది, ఫిట్టరును తిడతాడు, మళ్లీ విప్పిస్తాడు. విప్పకుండా, ఆయన చేతికి కొంత సమయమివ్వాలి. అలాగే, తేలిగ్గా జరిగే ట్రాలీని తెలియకుండానే వేగంగా తోస్తారు. బ్లేడు వేడెక్కుతుంది, మోటారు మీద భారం పెరుగుతుంది. ట్రాలీ బాగుపడితే దాని తర్వాత బలహీనమైన భాగం బయటపడుతుంది. ఖర్చు లెక్కలో దీనికీ కొంత పక్కన పెట్టుకోవడం వివేకం.

ఇంత చెప్పాక నాకు తోచే దారి మధ్యేమార్గమే, అదీ షరతులతోనే. చట్రమూ, బీడు దిమ్మెలూ చీలకుండా ఉంటే ఉంచుకోవాలి. చీలితే సరైన పద్ధతిలో అతికించే మనిషి దొరికినప్పుడే అతికించాలి. ఒకదానితో ఒకటి రాసుకుని అరిగేవాటిని, అంటే చక్రం–పట్టా, పళ్ల చక్రం–పట్టీ, ఇరుసు–బుష్షు, జతలుగా చూసి జతలుగానే నిర్ణయించాలి. జత మొత్తానికి ఇప్పుడు డబ్బు లేకపోతే, సగం మార్చడం కంటే శుభ్రం చేసి, లూజు సర్ది, ఏడాది ఆగడం మేలు కావచ్చు. అరిగిన ఇరుసు మీద వెల్డింగుతో లోహం నింపి లేతు పట్టించడం మాత్రం నేను ఒప్పుకోలేను. ఆ వేడి పట్టిన చోటే తర్వాత పగులు మొదలవుతుంది, కొత్త ఉక్కు కడ్డీ ఖర్చు అంత ఎక్కువేమీ కాదు. కోసే కలప తీరే మారిపోయి, దానికి తగ్గట్టు ట్రాలీని మలచే వీలు లేకపోతే, ఉన్నదాని మీద మమకారం పక్కన పెట్టి కొత్తది చూసుకోవాలి. నాతో ఏకీభవించని మిల్లు యజమానులుంటారు; వాళ్ల దుంగలు, వాళ్ల బేరాలు వేరు కాబట్టి వాళ్ల తీర్పు కూడా సరైనదే కావచ్చు.

ఒక్క భాగం విషయంలో మాత్రం ఈ తూకమంతా వర్తించదు. అది కొక్కెం. పట్టా అరిగితే పలక చెడుతుంది. కొక్కెం మొన మొద్దుబారినా, దాని మీట లూజైనా దుంగ కోత మధ్యలో తిరగబడుతుంది. బ్లేడు తెగి ఎగురుతుంది, లేదా దుంగ పక్కనున్న మనిషి మీదికి దొర్లుతుంది. కొక్కేన్ని బాగు చేయించడమా, మార్చడమా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. అరిగిన కొక్కెంతో కోయడం మాత్రం ఈ రోజే ఆపాలి. మిల్లు నడిపేవాళ్లను కోరేది ఇంతే: రేపు పొద్దున మోటారు వేయకముందు, ట్రాలీ తోసేవాళ్లను పక్కన నిలబెట్టుకుని, ఒక దుంగ ఎక్కించి, ప్రతి కొక్కేన్నీ బిగించి, గడ్డపారతో దుంగను కదిలించి చూడండి. కదిలితే ఆ కొక్కెం మారేదాకా రంపం తిప్పకండి.